రాయి నున్నగయ్యేదాక

మా ఆయన రాయి పని మనిషి. రోళ్ళకు, ఇసుర్రాళ్ళకు కక్కు కొట్టేటోడు. ఇప్పటి పిల్లలకు గిది ఎరుకలేదు గనుక చెప్తున్న. పిండి రుబ్బంగ రుబ్బంగ రాయి నున్నగైతది. నున్నటి రాయి మీద గింజ జారుతది గాని నలగది. అప్పుడు ఉలి వెట్టి, సుత్తెతోని రాయి మీదంత సన్నసన్న గంట్లు కొట్టాలె. గదే కక్కు. కక్కు వడ్డ రాయి మళ్ల కొత్తదైతది.

గీ పనిల ఒక తిప్పలున్నది. ఊరిల రాళ్ళన్నీ అయిపోయినంక ఆ ఊర్ల మనకు కూడు లేదు. అవి మళ్ల నున్నగయ్యేదాక ఇంకో ఊరు, ఇంకో ఊరు అనుకుంట పోవాల్సిందే. మా పెండ్లయినకాడి నుంచి గట్లనే తిరిగినం. భువనగిరి సడక్ మీద మేము కూసోని చెట్టు లేదు. ఆయన భుజాన ఉలులు, సుత్తెల సంచి. నా నెత్తిన గిన్నె, చెంబు, గొంగడి, చీరెల మూట. ఊరు కనవడంగనే కేక నాది. "రోళ్ళకు కక్కు కొడ్తమమ్మో! ఇసుర్రాళ్ళకు కక్కు కొడ్తం!" నా గొంతు గిప్పుడు గింత బొంగురున్నదంటే గా కేకల పుణ్యమే. మా ఆయన నోరు తెరిస్తె పక్కనున్న మేకకు గూడ ఇనవడది. సుత్తె ఒక్కటే మాట్లాడాలె.

కొట్టుడు ఆయన పని. కొట్టినంక కుదుర్చుడు నా పని. కొత్త కక్కుల రాయిపొడి దాగుంటది. అందుకని ముందుగాల తవుడు వోసి రుబ్బాలె. తొలి తిప్పుడు బర్రెకో గొడ్డుకో వెయ్యాలె, మనుషులు తినొద్దు. నేను ఆ ఇంటామెతోని కలిసి కూసోని తవుడు తిప్పుతుంటె ఆమె కష్టం సుఖం చెప్పుకునేది. అత్త ముచ్చట్లు, మొగని ముచ్చట్లు అన్నీ గా రాయి కాడనే. జొన్నలిచ్చేటోళ్ళు, సద్దిగట్క పెట్టేటోళ్ళు, పాత చీరె ఇచ్చేటోళ్ళు. నాకు గా తిరుగుడు చేదనిపించలేదు. ఒట్టు వెట్టి చెప్తున్న.

గాని తార్నాక కొచ్చేటాల్లకు నాకు నెలలు నిండుతున్నయి. అదొక్కటే మారింది.

ఉప్పల్ దిక్కు నుంచి వచ్చి దిగినం. పందొమ్మిదొందల అరవై దాటి, డెబ్బై ఇంకా రాని రోజులు. తార్నాక అప్పుడు గింత లేదు. బండరాళ్ళు, సీతాఫలం చెట్లు, నడుమ నడుమ కొత్త ఇండ్లు. సీతాఫల్‌మండి దిక్కు నుంచి రైలు కూత ఇనవడేది. ఆ ఇండ్లల్ల ఆఫీసు పనుల కొచ్చిన రాయలసీమోళ్ళు శానమంది ఉండిరి. వాళ్ళు వచ్చుడు వచ్చుడే రుబ్బురోళ్ళు తెచ్చుకున్నరు. మాకు పని బాగనే దొరికింది. బండల నీడకు గొంగడి కట్టుకొని ఉన్నం.

ఒకనాడు పొద్దుగాల నేను ఆయనతోని అన్న. "ఏమయ్యా, గీ కాన్పు నేను చెట్టు కింద కాను. నాకొక కప్పు గావాలె."

ఆయన ఉలి మొన చూసుకుంటనే అన్నడు. "నేను చెట్టు కిందనే పుట్టిన. ఏమైంది నాకు?"

"అందుకే గిట్ల తయారైనవు. వాన వడ్తదంటె ఇంట్లకు ఉరకాలె అని గూడ ఎరుకలేదు."

నవ్విండు. గాని మాట ఇయ్యలేదు. "తార్నాకల రాళ్ళు అయిపోవస్తున్నయే. మౌలాలి దిక్కు పోవాలె. కప్పు కింద కూసుంటె రాళ్ళు మన కాడికి నడిచొస్తయా?" అన్నడు. ఆయన అన్నదాంట్ల అబద్ధం లేదు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊకుండయంటరు. కాలు ఆయనది, నోరు నాది. మరి పిల్లను ఏడ కనాలె?

గా వారమే యూనివర్సిటిల పిల్లల హాస్టల్ నుంచి పిలుపొచ్చింది. వంటింట్ల రాళ్ళు నున్నగైనయంట. పోతుంటె తొవ్వల గా పెద్ద రాతి కాలేజి కనవడ్డది. మా ఆయన నిలవడి గోడ మీద చెయ్యి వెట్టిండు. బర్రె ఈపు నిమిరినట్టు నిమిరిండు. "ఎవడు కొట్టిండోనే, చెయ్యి బంగారం" అన్నడు. గింత దూరం నడిచి వచ్చి ఒక గోడను మెచ్చుకున్నడు గాని, వండి పెట్టే నన్ను ఒక్కనాడు గట్ల మెచ్చుకోలేదు. గా మాట అప్పుడే అన్న.

హాస్టల్ గేటు కాడ జవాను నన్ను ఆపిండు. "మొగపిల్లలుండే జాగ. ఆడోళ్ళు లోపలికి పోవద్దు."

"నేను పిల్లల కోసం రాలే, రాయి కోసం వచ్చిన" అన్న.

"ఏదైనా గంతే."

ఇగ నేను గేటు అవుతల ఏపచెట్టు కింద కూసున్న. లోపల సుత్తె సప్పుడు ఇనుకుంట కూసున్న. సప్పుడు ఆగినంక ఆయన బయటికొచ్చిండు, మొకం ఎలిగిపోతున్నది. "ఎంత పెద్ద రాళ్ళే! ఇద్దరు మనుషులు వట్టుకొని తిప్పుతరు పొత్రాన్ని" అనుకుంట తొవ్వ పొడుగూత గదే ముచ్చట. తవుడు సంగతి నేను గూడ అడగలే, ఆయనా చెప్పలే. ఊర్లల్ల గది చెప్పే మాట గాదు. కక్కు కొట్టినంక తవుడు తిప్పాల్నని మొగోనికి ఆడది, ఆడదానికి మొగోడు చెప్పుకోరు. పొయ్యి అంటిస్తె మండుతదని చెప్పుకుంటమా?

తెల్లారి తార్నాకల ఒక రాయలసీమామె ఇంట్ల రోలుకు కక్కు నడుస్తున్నది. గంతట్ల హాస్టల్ జవాను సైకిలేసుకొని వచ్చిండు.

"రాళ్ళోళ్ళు గీడున్నరా? పెద్ద వంటాయన రమ్మంటుండు. ఇడ్లీలల్ల రాళ్ళొచ్చినయి. పొరగాండ్లు ప్లేట్లు వట్టుకొని కరకర నములుకుంట లొల్లి చేస్తున్నరు!"

మా ఆయన మొకం సున్నమైంది. జవాను అట్ల తిరిగి పోంగనే ఉలులన్నీ సంచిల ఏసిండు. "పా. మౌలాలి దిక్కు పోదాం. గిప్పుడే."

"ఎందుకు?"

"ఎందుకంటవేంది? కొడ్తరు."

"ఎందుకు కొడ్తరు? నువ్వు కక్కు తప్పు కొట్టినవా?"

"నా కక్కుకు వంక వెట్టెటోడు పుట్టలే."

"మరి తవుడు తిప్పిన్రా?"

ఆయన సంచి కింద వెట్టిండు. అప్పుడు సమజైంది ఇద్దరికి. వంటోళ్ళందరు మొగోళ్ళు. రుబ్బుడు ఎరుకే వాళ్ళకు, కక్కు వడ్డ రాయిని కుదుర్చుడు ఎరుకలేదు. గది వాళ్ళ ఇండ్లల్ల తల్లులు, పెండ్లాలు చేసిన పని. కుదిర్చే నేనేమో గేటు కాడ ఏపచెట్టు కింద.

"నేను పోతున్న" అన్న. "నువ్వు మౌలాలి పోతవో, గుట్టెక్కుతవో నీ ఇష్టం."

రోలామె నవ్వు ఆపుకుంట అన్నది. "పోవప్పా, పెండ్లాం ఎనకాల పో. మా రోలు యాడికీ పోదులే."

నేను ముందు, ఆయన ఎనక. గేటు కాడ జవాను మళ్ల చెయ్యి అడ్డం వెట్టిండు. "ఆడోళ్ళు..."

"నన్ను లోపలికి రానియ్యకుంటె రేపటి ఇడ్లీలు గూడ గట్లనే ఉంటయి. ఆలోచన చేసుకో. పొరగాండ్లకు నువ్వే జవాబు చెప్పు."

చెయ్యి దిగింది.

పెద్ద వంటాయన రాయలసీమాయన. బొజ్జ మీద తువ్వాల, చేతిల గంటె. మమ్ముల చూడంగనే మా ఆయన మీదికి లేచిండు. "ఏమప్పా! రాళ్ళు కొట్టమంటే పిండిలోకి రాళ్ళు కొట్టినావే! ఒకడు పన్ను పట్టుకోని వార్డెన్ దగ్గర కూర్చోనుండాడు!"

మా ఆయన గోడకు అతుక్కపోయిండు. నేను ముందలికి వోయి అడిగిన. "అయ్యా, తవుడున్నదా?"

"తవుడా? ఏమ్మా, పిల్లోళ్ళకి ఇంగ తవుడు పెట్టమంటావా?"

"పిల్లలకు గాదు. రాయికి."

ఆయన నా మొకం చూసిండు, నా కడుపు చూసిండు, గంటె దించిండు. క్వార్టర్ల కాడ బర్రెలు మేపెటోళ్ళ ఇంటికి మనిషిని తోలి తవుడు తెప్పిచ్చిండు. నేను రాయి కడిగి, కొంగు నడుముకు చుట్టి కూసున్న. పొత్రానికి ఇద్దరు మొగోళ్ళు కావాలన్నరు. నేను మా ఆయనను పిలిచిన. ఇద్దరం ఎదురుబొదురు కూసోని తిప్పినం. తొలి తవుడు బూడిద లెక్క వచ్చింది. వంటాయన ఒంగి చూసి "అబ్బా!" అన్నడు. తీసి గంపల పోసినం. మలి తవుడు కొంచెం తెల్లగ. ఆఖర్ల వోసిన తవుడు పోసినట్టే వచ్చింది. అప్పుడు నానిన బియ్యం పిడికెడు ఏసి రుబ్బిన. వంటాయన వేలితోని తీసి నాలికె మీద ఏసుకున్నడు. కండ్లు మూసుకున్నడు. వంటింటోళ్ళందరు ఆయన మొకమే చూస్తున్నరు.

"యెన్నపూస" అన్నడు. "మా యమ్మ రుబ్బినట్ల ఉంది."

ఆయన గొంతు మెత్తగైంది. నాకు అదను దొరికింది. "అయ్యా, గీ రాళ్ళు మళ్ల ఎప్పటికి నున్నగైతయి?"

"ఇక్కడా? ఇంతమందికి పొద్దున, సాయంత్రం రుబ్బితే ఇంగేం మిగుల్తుందమ్మా. నెల తిరిగేలోపు జారిపోతాయి."

నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూడకుంట పొత్రం దిక్కు చూస్తున్నడు. ఊర్లకు ఊర్లు తిరిగి ఎదురుచూసే రాయి గీడ కూసున్నకాడనే అరుగుతున్నది. ఇంకోటి, ఇంకోటి, వరుసగ రాళ్ళు. పక్క హాస్టళ్ళల్ల గూడ రాళ్ళే.

"మేము గీడనే ఉంటె?" అని అడిగిన. "ఆయన కొడ్తడు, నేను కుదురుస్త. రుబ్బుడు గూడ రుబ్బుత. నాకు పైసలకంటె ముందు ఒక కప్పు గావాలె. చూస్తనే ఉన్నరుగ."

వంటాయన తల గోక్కున్నడు. "మగపిల్లోళ్ళ హాస్టలమ్మా ఇది. వార్డెన్ ఏమంటాడో." పోయి అడిగొచ్చిండు. గా వార్డెన్ ఎవరో నేను చూడలే. గాని మంచోడే. ఆడమనిషి లోపల ఉండొద్దు, గోడ అవుతల ఉన్న కట్టెల కొట్టం ఖాళీ చేసి ఇయ్యమన్నడంట. మీద రేకులు. వానొస్తె డప్పులు కొట్టినట్టుంటది సప్పుడు. నాకు గా సప్పుడు ఎంత ముద్దొచ్చిందో.

కొట్టంల కట్టెలు సర్దుకుంట మా ఆయన గొణుగుడు మొదలువెట్టిండు. "నన్ను గుంజకు కట్టేస్తున్నవు కదనే."

"ఎండకాలం సెలవులకు హాస్టల్ బంద్ వెడ్తరంట. రాళ్ళు తిరగయి. అప్పుడు నీ సడక్ మీదికి నడువు, నేనూ వస్త. వానలు వడేటాల్లకు మళ్ల గీడికి."

ఇంకో రెండు కట్టెలు అవుతల ఏసిండు. "బీబీనగర్‌ల ముసలవ్వ రోలు గూడ గా ఎండకాలానికి నున్నగైతది" అన్నడు. గట్ల ఒప్పుకున్నడు. అవునని మాత్రం అనలే, బతికినన్నాళ్ళు ఏ మాటకూ అవునన్న మనిషి గాదు.

బిడ్డ రేకుల కిందనే పుట్టింది. వాన దంచుతున్నది. నేను మొత్తుకున్నది ఎవ్వలకు ఇనవడలే, గా పిల్ల ఏడ్చింది మాత్రం వంటింటి దాక ఇనవడ్డదంట. వంటాయన రాగిజావ పంపిండు, అండ్ల బెల్లం ఎక్కువ. జవాను గేటు కాడ నుంచి అరిచిండు. "ఆడోళ్ళు లోపలికి రావద్దంటె, లోపల నుంచే ఇంకొకామెను తెచ్చినవే!" కొట్టం గోడకు అవుతలనే ఉండె గాని, గా మాట ఎవ్వరు పట్టిచ్చుకోలే.

తర్వాత గొడవల ఏడు వచ్చింది. తెలంగాణ గావాల్నని పిల్లలు రోడ్ల మీదికొచ్చిన్రు, కాలేజీలు బంద్ వడ్డయి, హాస్టల్ పొయ్యి చల్లారింది. రాళ్ళు ఊకనే కూసున్నయి, దుమ్ము వట్టినయి. వంటాయన సీమకు పోయిండు. పోయేటప్పుడు "వస్తానో రానో" అన్నడు. మా ఆయన సంచి తియ్యకముందే నేను మూట కట్టిన. ఆయన నవ్విండు. "కప్పు గావాలె, కప్పు గావాలె అన్నది ఎవరే?"

"కప్పు ఏడికి పోతది? రేకులు నడుస్తయా? తాళం ఏసి పా."

ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి. పిల్ల ఆయన మెడ మీద, కేక నాది. ముసలవ్వ రోలు నిజంగనే నున్నగైంది. ఆమె గూడ నున్నగైంది, పండ్లు ఒక్కటి లేవు. పిల్లను చూసి బోసినోటితోని నవ్వింది. "ఏ ఊరే మీది?" అని అడిగింది. ఎన్నడు అడిగినా మా ఆయన ఏ ఊరు చెప్పెటోడు గాదు, ఆకాశం దిక్కు చెయ్యి చూపెటోడు. గా పూట మాత్రం సుత్తె ఆపకుండ "తార్నాక" అన్నడు. నేను తవుడు తిప్పుకుంట ఇన్న. మాట కలపలే. కలిపితె మళ్ల అనడు.

హాస్టల్ తెరుస్తున్నరని ఎర్క గాంగనే తిరిగొచ్చినం. తార్నాక కాడ బస్సులు తిరుగుతున్నయి. కొట్టం తాళం తుప్పు వట్టింది, రేకులు గట్లనే ఉన్నయి. వంటింట్ల చూస్తె పెద్దాయన మాకంటె ముందొచ్చి ఉన్నడు. బొజ్జ తగ్గింది. రాళ్ళు కడిగి పెట్టిండు. పక్కన గంప నిండ తవుడు.

"రాండి రాండి" అన్నడు. మా పిల్లను ఎత్తుకొని, మా ఆయన దిక్కు గంటె చూపిచ్చిండు. "ఏమప్పా, నువ్వు కొట్టు. తవుడు నేనే తెచ్చినా. ఈసారి పిల్లోళ్ళ పళ్ళు జాగ్రత్త."

మా ఆయన సంచి దించి ఉలి తీసిండు. నేను కొంగు నడుముకు చుట్టిన.