రాళ్ల వానలో పెళ్లిచూపులు

అప్పట్లో ఏప్రిల్ నెల వస్తుందంటే నాకు రెండు భయాలు ఉండేవి. ఒకటి ఉరుములు, రెండోది పెళ్లిచూపులు. మా కోలారు వైపు మామిడి పిందె కాయగా మారే రోజుల్లో మధ్యాహ్నం దాకా ఆకు కదలదు. మూడు దాటేసరికి కొండల వెనక నుంచి నల్లగా మబ్బు లేస్తుంది. గాలి, పిడుగులు, వడగళ్లు అన్నీ ఒక్క గంటలో కుమ్మరించి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతుంది. మావాళ్లు దాన్ని రాళ్ల వాన అంటారు. కొండ మీద ఊళ్లలో అయితే ఆ మబ్బు నెత్తిన కూర్చున్నట్టే ఉంటుంది. ఇరవయ్యారేళ్లు వచ్చి, వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద మెషీన్ల మధ్య ఉద్యోగం చేస్తూ కూడా, ఒక్క ఉరుము వినబడితే చాలు, నేను దూరడానికి చోటు వెతికేవాణ్ణి. (మెషీన్ల చప్పుడంటే భయం లేదు. వాటికి స్విచ్ ఉంటుంది.)

పెళ్లిచూపుల భయానికి మాత్రం కారణం మా నాన్న. ఆయన కేజీఎఫ్ బంగారు గనుల్లో ఎన్నో ఏళ్లు భూమి కింద పనిచేసినవాడు. గనులు మూసేసి చాలా కాలమైనా ఆయన మనసు పూర్తిగా పైకి రాలేదు. ఏ ఇంటికి వెళ్లినా ముందు తలెత్తి పైకప్పు చూసేవాడు. "ఈ దూలం నిలవదప్పా, కింద ఇంకో సపోర్టు పెట్టించండి" అని పిల్ల తండ్రికి సలహా ఇచ్చేవాడు. అక్కడి నుంచి కథ పాతాళానికి దిగేది. ఎంత లోతు, ఎంత వేడి, రాయి పేలితే (ఆయన భాషలో 'బరస్టు') ఎలా ఉంటుంది, ఎవరు బతికారు, ఎవరు పోయారు, అన్నీ చెప్పేవాడు. ఇంతలో కాఫీలు చల్లారిపోయేవి, పిల్ల తల్లి కళ్లు తుడుచుకునేది, తర్వాత కబురు వచ్చేది కాదు. అలా మూడు సంబంధాలు పోయాయి. ఫ్యాక్టరీలో నాతో చేరిన వాళ్లంతా పిల్లల్ని స్కూళ్లలో వేస్తుంటే నేను ఇంకా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఊరూరా బోండాలు తింటున్నాను.

నాలుగో సంబంధం కోలారు కొండ మీద ఒక చిన్న ఊళ్లో కుదిరేలా ఉందని మా మేనత్త కబురు తెచ్చింది. అమ్మ లేని ఇల్లు కాబట్టి పెద్దరికమంతా అత్తదే. బంగారుపేటలో బస్సెక్కింది మొదలు ఆమె మా ఇద్దరికీ పాఠం చెబుతూనే ఉంది.

"అన్నా, ఈసారి గని మాట ఎత్తినావంటే నేను మళ్లా మీ ఇంటి గడప తొక్కను. నువ్వు కూడా ఇనరా, ఉరిమితే గట్టిగా కూర్చోవాల. పిల్ల ముందర పిరికిముఖం పెట్టినావో, ఇంగ నీకు పెండ్లే లేదు."

"నేనేం మాట్లాడతానమ్మా, సుమ్మనే కూర్చుంటాను" అన్నాడు నాన్న. నేను కిటికీలోంచి ఆకాశం చూశాను. మచ్చ లేకుండా నీలంగా ఉంది. ఆ ఆకాశాన్ని నమ్మి నేనూ మాటిచ్చాను.

కోలారులో దిగి ఆటోలో కొండెక్కాం. పిల్ల ఇల్లు ఊరి చివర ఉంది. పైన జింకు రేకులు, వెనక ఏనుగంత బండరాళ్లు, పక్కన టమాటా తోట. లోపలికి వెళ్తూనే నాన్న రేకుల వైపు తలెత్తి నోరు తెరిచాడు. అత్త దగ్గింది. నాన్న నోరు మూసుకుని నీళ్లు తాగాడు. అంతా మర్యాదగానే నడిచింది. పిల్ల వచ్చి బోండాల గిన్నె మా మధ్య పెట్టి, తలవంచుకోకుండా నేరుగా మా ముగ్గుర్నీ చూసి, వాళ్ల అవ్వ పక్కన కూర్చుంది. నాకు నచ్చింది. నచ్చడమే కాదు, ఈ సంబంధం పోతే నేను తట్టుకోలేనని ఆ రెండు నిమిషాల్లోనే తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే ఇల్లు చీకటైపోయింది. ఒక్క ఉరుము ఉరిమింది, దాని వెంటనే రేకుల మీద ఎవరో బండెడు కంకర దిమ్మరించినట్టు రాళ్లు పడ్డాయి. కింద ఊళ్లలో వినే చప్పుడు కాదది. ఎదురుగా ఉన్న మనిషి నోరు కదులుతోంది గానీ మాట వినబడదు. అవ్వ లేచి వాన ఆగాలని ఇనుప గరిటె ఒకటి వాకిట్లోకి విసిరింది. అంతవరకు బుద్ధిగా కూర్చున్న మా నాన్న ఒక్క ఊపున లేచి నిలబడ్డాడు. గనిలో రాయి పేలినప్పుడు లేచినట్టే లేచాడు, గని కలొచ్చి నిద్రలోంచి లేచినప్పుడల్లా నేను చూసిన ముఖమే అది.

"బరస్టు! ఎవురూ బయటికి పరిగెత్తొద్దండప్పా! వాకిలి కింద నిలబడండి, వాకిలి కింద! టింబరు తట్టుకుంటాది!"

రేకులకన్నా గట్టిగా అరిచాడు. ఆ అరుపుకి పిల్ల తల్లీ తండ్రీ, అవ్వ, పిల్ల, అత్త, ఒక్క మాటైనా అడగకుండా వెళ్లి ద్వారబంధాల కింద నిలబడ్డారు. నాన్న వేలు చూపిస్తూ, తనతో కలిపి లెక్కపెట్టాడు. ఏడుగురు ఉండాలి. ఆరుగురే ఉన్నారు.

ఏడోవాడు అవ్వ మంచం కింద ఉన్నాడు. ఎప్పుడు దూరానో నాకే తెలియదు. అక్కడ ఉల్లిపాయల గోతం, ఖాళీ టమాటా క్రేట్లు, వాటి మధ్య నాకన్నా ముందే వచ్చిన ఒక కోడి ఉన్నాయి. కోడి కొంచెం జరిగి చోటిచ్చింది.

"ఏరా అప్పా, యాడుండావురా?" అని నాన్న అరవడం నాకు స్పష్టంగా వినబడింది. వినబడలేదని ఇన్నేళ్లు చాలామందికి చెప్పాను. వినబడింది. కానీ మంచం కింద నుంచి "ఇక్కడున్నాను నాన్నా" అని ఎలా పలకను? ఆ పిల్ల అక్కడే ఉంది కదా! పలకలేదు. మూడోసారి పిలిచి, "పిల్లోడు బయట చిక్కుకున్నట్టుండాడు" అని నాన్న బోండాల గిన్నె అందుకుని, బోండాలన్నీ అత్త ఒళ్లో పోసి, నేను దుప్పటి సందులోంచి చూస్తుండగానే గిన్నె నెత్తిన బోర్లించుకుని రాళ్ల వానలోకి వెళ్లిపోయాడు. "అన్నా, వద్దన్నా!" అని అత్త గొంతు చించుకుంది. ఇంతలో దగ్గర్లోనే పిడుగు పడింది. దాని వెలుగు మంచం కిందికి కూడా వచ్చింది. నాన్న మీదే పడిందేమో అనుకున్నాను. ఆ క్షణంలో కూడా నా కాళ్లు కదల్లేదు.

మంచం మీద నుంచి వేలాడుతున్న దుప్పటి పైకి లేచింది. ఆ పిల్ల వంగి నన్నూ, కోడినీ చూసింది. నవ్వలేదు.

"మీ నాయన ఆడ రాళ్లలో మీకోసం వెతుకుతా ఉండాడు. మీరు ఈడుండారు" అంది. అంతే అంది.

చేతికి దొరికిన క్రేటు ఒకటి నెత్తిన పెట్టుకుని బయటికి పరిగెత్తాను. (టమాటా క్రేటుకి అంతా కంతలే ఉంటాయని మా జిల్లాలో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకు నిమ్మకాయంత రాయి నెత్తిన పడ్డాక గుర్తొచ్చింది.) మెరిసినప్పుడల్లా కళ్లు మూసుకుంటూ, జారుతూ, పడుతూ ఇంటి వెనక బండల దగ్గరికి వెళ్లాను. నాన్న ఒక్కొక్క బండ సందులోకీ వంగి నా పేరు పిలుస్తున్నాడు. చెవి పక్క నుంచి రక్తం కారుతోంది. నన్ను చూసి ఎక్కడున్నావని అడగలేదు. నా భుజం మీద చెయ్యేసి, "ఏడు" అన్నాడు. "ఇంగ సరిపోయింది, పద." నేను ఏడ్చాను. వానలో ఆయనకి తెలిసి ఉండదని అప్పుడు అనుకున్నాను.

అరగంటలో అంతా అయిపోయింది. వాకిట్లో తెల్లగా మోకాలి దిగువ దాకా రాళ్లు కుప్ప పడ్డాయి. తోటలో సగం మొక్కలు నేలకొరిగితే పిల్ల తండ్రి వెళ్లి ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్నాడు. లోపల అవ్వ నాన్న చెవికి పసుపు అద్దుతోంది. ఇక ఆపే ఓపిక అత్తకి లేదు, నాన్న గని కథ మొదలుపెట్టాడు. "లెక్కలో ఒగుడు తగ్గినా మేము పైకి వచ్చేవాళ్లం కాదమ్మా. మనిషో, శవమో, దొరికేదాకా షిఫ్టు ముగిసినట్టు కాదు." ఈసారి ఎవరూ మధ్యలో లేవలేదు. తిరుగు బస్సులో మాత్రం అత్త నా వైపు చూడకుండానే, "నాలుగోది కూడా పాయె" అంది.

మూడు రోజుల తర్వాత పిల్లకి ఇష్టమేనని కబురొచ్చింది. మంచం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు కూడా. పిడుగుల మధ్యకి ఎదురెళ్లిన నా ధైర్యం చూసి ఆ పిల్ల మనసు పారేసుకుందని నేను తీర్మానించుకున్నాను. చాలా ఏళ్లు అలాగే నమ్మాను, మా పిల్లలకి కూడా అలాగే చెప్పాను. నాన్న పోయాక వచ్చిన మొదటి ఏప్రిల్‌లో, ఒక మధ్యాహ్నం నేను మళ్లీ ఆ కథ ఎత్తుకుంటే, మా ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది.

"నేను ఒప్పుకొనింది మిమ్మల్ని చూసి కాదు. మామను చూసి. ఆ ఇంటికి పోతే నన్ను కూడా లెక్కలో ఏసుకుంటాడు, నేను కనబడకపోతే గూడా ఎవురో ఒకరు వెతకతారు అనుకొన్నాను."

పిల్లలు నవ్వారు. నాకు కోపం రాలేదు. తండ్రి పిలుస్తుంటే కోడి పక్కన నోరు మూసుకుని పడుకున్న ఆ ఇరవయ్యారేళ్లవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు జాలీ నవ్వూ రెండూ వస్తాయి. ఆ పిల్ల చోట నేనున్నా మా నాన్నని చూసే ఒప్పుకునేవాణ్ణి.