దొరబిళ్ల

అప్పలలక్ష్మి చేతికి ఏది దొరికితే అదే ఆయుధం అని కలకత్తా కార్పొరేషన్ పారిశుధ్య కార్మికుల లైనులో పేరు. పెళ్లయిన కొత్తలో భర్త సత్యారావు తాగొచ్చి బెల్టు తీస్తే మూడేళ్లు పడింది. నాలుగో ఏట రోకలితో అతని భుజం విరగ్గొట్టింది. తనే రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లి, కట్టు కట్టించి, ఇంటికి తెచ్చి గంజి తాగించింది. సత్యారావు తాగడం మానలేదు గాని, బెల్టు మాత్రం మళ్లీ తియ్యలేదు.

అతను మురికికాలవ మ్యాన్‌హోల్‌లో దిగి అక్కడే చనిపోయాడు. తాడు కట్టి పైకి లాగినప్పుడు ముఖం నల్లగా, నోట్లో బురదతో ఉన్నాడు. గట్టు మీద నిలబడి, వీళ్లకి జాగ్రత్త తెలియదని పక్కవాడితో అంటున్న మేస్త్రీని ఆమె చీపురుకట్టతో ముఖం మీద కొట్టింది. వాడి కన్ను వారం దాకా తెరుచుకోలేదు. ఆ గొడవ ఎలాగో సర్దుకుని, భర్త పోయిన ఉద్యోగం ఆమెకే వచ్చింది. ఇరవై ఏడేళ్లు భవానీపూర్ రోడ్లు ఊడ్చి పోయినేడు రిటైరయింది.

రిటైరయ్యాక చిక్కు వచ్చింది. లైనులో వాళ్ల పద్నాలుగో నంబరు గది ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతో పోతుంది. కొడుకు ప్రవీణ్‌కుమార్ కూడా చెత్త బండి మీదే పనిచేస్తాడు గాని వాడిది కాంట్రాక్టు. లైను పడగొట్టి అయిదంతస్తులు కడతామని ఆఫీసు వాళ్లు చెప్పారు. స్వాతంత్య్రానికి ముందు నుంచీ ఉన్నట్టు కాగితం చూపిన ఇంటికి కొత్త భవనంలో ఫ్లాటు. చూపలేని వాళ్లు ఖాళీ చెయ్యాలి. దసరా వెళ్లాక ఆదివారం సర్వే.

ఆమె దగ్గర కాగితం లేదు. బిళ్ల ఉంది. సత్యారావు తాత గురువులుకి తెల్లదొరల ప్రభుత్వం ఇచ్చిన సాహస పతకం. ఒక వైపు రాజు తల, మరో వైపు అరిగిపోయిన అక్షరాలు. గుర్రం ఒకటి పిచ్చెక్కి ఓవర్సీయరు దొర మీదికి వస్తే, గురువులు పారతో దాన్ని నేలకూల్చి దొర ప్రాణం కాపాడాడని కథ. ప్రతి దసరాకీ మధ్యాహ్నం లైనంతా కుళాయి దగ్గర పనిముట్లు కడిగి వరసగా పెడతారు. పారలు, చీపుళ్లు, తాళ్లు, మ్యాన్‌హోల్ మూతలు లేపే ఇనప కొక్కేలు, వాటి మీద దొరబిళ్ల. పసుపు, కుంకుమ పెట్టాక అప్పలలక్ష్మి గుర్రం కథ చెబుతుంది. పార ఎత్తి దించి చూపిస్తుంది. పిల్లలు సకిలిస్తారు. కథ మొదలవగానే తొమ్మిదో నంబరు ముసలమ్మ రామమ్మ లేచి గదిలోకి పోతుంది. పెద్దదానికి చప్పుడు పడదని అందరూ అనుకునేవారు.

కథయ్యాక కోడి. తెచ్చేది పద్నాలుగో నంబరు, కోసేది పద్నాలుగో నంబరు. కాళ్లు పట్టేది మాత్రం తొమ్మిదో నంబరు వాళ్లే. కోసిన కోడి మొత్తం వాళ్లకే వెళ్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. రామమ్మ కొడుకు బైరాగి ఏటా ఒకే మాట అనేవాడు.

"తెచ్చేది మీరు, తినేది మేము. గొప్ప మట్టుకు మీదే, వదినా."

బైరాగి పర్మనెంటు ఉద్యోగి. లైను ఫైలు అతని దగ్గరే ఉంటుంది. ఫలానా ఇల్లు తరాల నుంచి ఇక్కడే ఉందని ప్రతి కాగితం కిందా సాక్షి సంతకం అతనే పెట్టాలి. అతనికి ఇంకో రెండేళ్లలో రిటైర్మెంటు, అతని దగ్గరా పాత కాగితం లేదు.

అప్పలలక్ష్మి ఇప్పుడు భవానీపూర్లో ఒక అపార్ట్‌మెంటు మెట్లు కడుగుతుంది. మూడో అంతస్తులో జానకిరామ్ గారని బ్యాంకులో పెద్ద పని చేసి రిటైరయిన తెలుగాయన. ప్రభుత్వాల పాత అప్పుల మీద ఏదో రాస్తూ, పాత గెజిట్లు కట్టలు కట్టలుగా కొంటాడు. ఆమె బిళ్ల సంగతి చెప్పి కాగితం దొరుకుతుందేమోనని అడిగింది. నాలుగు నెలల తర్వాత ఒక రోజు ఆయన మెట్ల మీదికే వచ్చి పిలిచాడు.

"దొరికింది లక్ష్మమ్మా. నేను వెతికే ప్రకటన ఉన్న పేజీలోనే ఉంది."

పేజీ పైభాగం అంతా అప్పుల గొడవ. నూటికి అయిదు వడ్డీ వచ్చే పత్రాలున్న వాళ్లు వాటిని తిరిగిచ్చి, తక్కువ వడ్డీకి కొత్త పత్రాలు తీసుకోవాలట. అసలు అసలుగానే ఉంటుందట, గడువు మాత్రం ముందుకు జరుగుతుందట.

"అసలెప్పుడు తీరుస్తారు బాబూ?"

"తీర్చరమ్మా. మారుస్తారంతే."

ఆయన హుషారుగా పేజీ కిందిభాగం చదవసాగాడు. శౌర్య పతకాలు. పారిశుధ్య కార్మికుడు గురువులుకి. సమ్మె చేస్తున్న గుంపు ఓవర్సీయరును చుట్టుముట్టగా, తనకు తల పగిలినా వెనుదీయక, గుంపు నాయకుణ్ణి పారతో పడగొట్టి అధికారి ప్రాణం కాపాడినందుకు. ఆ కిందే నియామకాలు. మరణించిన సర్దారు బైరాగి స్థానంలో గురువులు, పద్నాలుగో నంబరు గదితో సహా. సగం చదివాక జానకిరామ్ గారి గొంతు తగ్గిపోయింది. అప్పలలక్ష్మి మళ్లీ చదవమంది. గుర్రం అన్న మాట ఎక్కడా లేదు.

ఆ బైరాగి తొమ్మిదో నంబరు బైరాగికి తాత. తాత పేరే మనవడికి పెట్టారు.

పతకం ముక్క కత్తిరించి, కింద నియామకాల ముక్క ఒక్కటీ ఇవ్వమని అడుగుదామనుకుంది. కాని ఆ కింది ముక్కలోనే చచ్చినవాడి పేరుంది, వాడి గదీ ఉంది. ఆ కాగితం చూపితే ఇల్లు నిలుస్తుంది. చూపాలంటే బైరాగి చేతికే ఇవ్వాలి. ఆయన ఇచ్చిన నకలు మడిచి బియ్యం డబ్బాలో దాచింది.

దసరా పొద్దున బియ్యం తీస్తూ ప్రవీణ్‌కుమార్ దాన్ని చూశాడు. వాడి చదువు బెంగాలీ బడిలో. ఇంగ్లీషులో ముత్తాత పేరు, పతకం అన్న మాట కూడబలుక్కుని, అంతటితో ఆపేశాడు. ఫొటో తీసి లైను గ్రూపులో పెట్టి, కింద మూడు దండాల బొమ్మలు పెట్టాడు.

మధ్యాహ్నం పనిముట్లకు పసుపు పెట్టారు. పిల్లలు గుర్రం కథ చెప్పమన్నారు. అప్పలలక్ష్మి చంకలో కోడి, చేతిలో కత్తి పట్టుకుని, ఈ ఏడు గొంతు బాగోలేదంది. బైరాగి కొడుకు సునీల్‌కుమార్ ఫోను పట్టుకుని గుంపులోంచి ముందుకొచ్చాడు. వాడు కాలేజీ దాకా చదివాడు.

"నాను సెప్తాను. ఆ గుర్రం పేరేటో తెలుసా పెద్దమ్మా? బైరాగి."

ప్రవీణ్‌కుమార్‌కి అర్థం కాలేదు. నవ్వుతూ, ఫోను ఇలా ఇయ్యరా అని చెయ్యి చాపాడు. సునీల్‌కుమార్ వరసలోంచి మూత లేపే కొక్కెం తీసి, చాపిన ఆ చేతి మీదే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఎండు వెదురు విరిచినట్టు వినిపించింది. రెండో దెబ్బ వీపు మీద పడింది. మూడో దెబ్బకి కొక్కెం లేచేలోపు అప్పలలక్ష్మి కోడిని వదిలేసి కత్తి వేసింది. సునీల్‌కుమార్ భుజం మీద చొక్కా, చర్మం కలిసి తెరుచుకున్నాయి. కోడి ఆ నెత్తురులోంచే పరిగెత్తింది. బైరాగి వెనక నుంచి వచ్చి ఆమె జుట్టు పట్టుకుని, ముఖాన్ని కుళాయి గట్టుకేసి కొట్టాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. నోట్లో ఏదో గట్టిగా తగిలితే ఉమ్మింది. రెండు పళ్లు. కత్తి మాత్రం చేతిలోనే ఉంది. పడి ఉన్న చోటు నుంచే అతని పిక్క వెతుకుతూ ఒక వేటు వేసింది. అది గచ్చుకి తగిలి నిప్పులు రాలాయి.

రామమ్మ తొమ్మిదో నంబరు గుమ్మంలో నిలబడి ఉంది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. అరవలేదు. చేతికర్రతో కొడుకు మెడ మీద ఒక్కటి వేసింది.

"వదల్రా దాన్ని. నాకు తెల్దా?"

బైరాగి జుట్టు వదిలాడు.

"మా అత్త సెప్పింది నాకు. సచ్చినోడు ఆవిడ మొగుడే. అప్పుడు పెద్దలు కూకోని తీర్పు సెప్పారు. పోలీసు కాడికెల్తే ఆల్లూ పోతారు, మనమూ పోతాం. గురువులు ఏడాదికో కోడి తేవాల. సచ్చినోడి ఇంటోల్లు కాల్లట్టుకోవాల, తినాల. తిన్నన్నాల్లూ కత్తి ఎత్తకూడదు. లేకపోతే ఆ కోడి దేనికనుకున్నార్రా?"

నోట్లో నెత్తురుతోనే అప్పలలక్ష్మి అడిగింది.

"మరి గుర్రమేటి అత్తా?"

"మా అత్తే పుట్టించింది. కడుపులో ఉన్నోడికేటి సెప్పాల మరి? పక్కింటోడు నీ బాబుని సంపేడనా?"

తర్వాత ముసలమ్మ నేల మీది నెత్తురు చూసింది. ఎవరిది ఎంతో లెక్క కడుతున్నట్టు చాలాసేపు చూసింది.

"మల్లీ కారింది. కోడి ఇక సాలదు. మేక. ఏడాదికొకటి. మొదటిది ఫైలు కదలకముందే."

ఆసుపత్రిలో ముగ్గురూ మెట్ల మీంచి పడ్డామని చెప్పారు. బెంగాలీ డాక్టరు చిరునామా చూసి, ఆ లైనులో మేడే లేదు కదా అన్నాడు. ప్రవీణ్‌కుమార్ చేతికి రాడ్డు వేశారు. సునీల్‌కుమార్‌కి పద్దెనిమిది కుట్లు పడ్డాయి. ఇద్దరి మంచాలకీ మధ్య ఒక్క మంచమే ఉంది.

ఆదివారం పొద్దున అప్పలలక్ష్మి మేకను తాడుతో లాక్కొచ్చింది. కాగితం రవికలో ఉంది. మేకను గట్టు దగ్గర నిలిపి, అలవాటుగా కత్తి అందుకోబోతే రామమ్మ కర్ర అడ్డం పెట్టింది. ఈసారి కాళ్లు నువ్వు పట్టు అంది. కత్తి సునీల్‌కుమార్ తీసుకున్నాడు. కుడి భుజానికి కట్టు ఉంది, ఎడమచేత్తో వేశాడు. మొదటి వేటు సగమే దిగింది. మేక ఆమె చేతుల్లో తన్నుకుంది, గిట్ట గడ్డానికి తగిలి పగిలిన పెదవి మళ్లీ తెరుచుకుంది. రెండోదీ చాలలేదు. ఆమె వదల్లేదు, తలా తిప్పుకోలేదు. వాడు మూడోది వేసేటప్పుడు చూసింది మేకను కాదు, ఆమె మెడను. వేటు మాత్రం మేక మీదే పడింది.

కాళ్లు ఇంకా కొట్టుకుంటుండగానే సర్వే ఆయన వచ్చాడు. చెప్పులకి నెత్తురు అంటకుండా ఇటుక మీద నిలబడి, పద్నాలుగు ఎవరిదని అడిగాడు. అప్పలలక్ష్మి చేతులు చీరకి తుడుచుకుని కాగితం తీసి బైరాగికి ఇచ్చింది. వేళ్ల గుర్తులు మూలన పడ్డాయి. బైరాగి కొడుకు చేత మొత్తం చదివించుకున్నాడు. గది సంగతి వచ్చినప్పుడు ఇంకోసారి చదవమన్నాడు. పద్నాలుగు మా తాతదే అని అతను అనవచ్చు, కాగితమే చెబుతోంది. అప్పలలక్ష్మి అతని నోటివైపే చూసింది. అతను తల్లివైపు చూశాడు. ముసలమ్మ మేకవైపు చూస్తోంది.

పద్నాలుగు వీళ్లది, తొమ్మిది మాది అని బైరాగి బెంగాలీలో చెప్పాడు. ఇద్దరి పేర్లూ ఒకే కాగితంలో ఉన్నాయి రాసుకో దాదా అన్నాడు. సాక్షి సంతకం రెండుసార్లు పెట్టాడు. రెండోసారి కలం కాగితాన్ని చింపింది.

సర్వే ఆయన వెళ్లాక తొమ్మిదో నంబరు వాళ్లు మేకను లోపలికి మోసుకుపోయారు. దానిలో ఒక్క ముక్క కూడా పద్నాలుగో నంబరుకు రాలేదు, రాకూడదు కూడా. మధ్యాహ్నం గోడ అవతల మసాలా వేగుతుంటే, అప్పలలక్ష్మి పప్పన్నం కలిపి, చేతికి కట్టున్న కొడుక్కి ముద్ద పెట్టింది. తనకి ఇంకా నమలడం రావడం లేదు. వచ్చే దసరాకి మేకపిల్లను ఇప్పుడే తెచ్చి పెంచితే నయమా, అప్పుడు కొంటే నయమా అని కొడుకుని అడిగింది.