ఐజాక్ అరలో క్యాలెండరు అట్టలు

మొగల్తూరులో లూథరన్ చర్చి ఎదురుగా ఐజాక్‌ది జిరాక్సు కొట్టు. మిషను వెనకాల గోడకి ఒక అర. దాన్నిండా ఈ మూడు నాలుగేళ్ళలో వచ్చిన దెయ్యాల నవలలు, మంత్రగాళ్ళ నవలలు, నిధుల వేటలు. అన్నీ అతను చదివినవే. అడిగినవాళ్ళకి ఊరికే ఇస్తాడు. ఇంట్లో అతని మాట చెల్లదు, చర్చి కమిటీలో పేరు లేదు. "ఏం చదవమంటావు ఐజాకూ?" అని ఎవరైనా అడిగినప్పుడే అతనికి నడుం నిటారవుతుంది. ఆ అర తీసేస్తే మిగిలేది రోజంతా పచ్చ బటను నొక్కే మనిషి.

పుస్తకం చేతిలో పెట్టేముందు అతను ఇష్టాలు అడగడు, ఇల్లు అడుగుతాడు.

"మీ పెరట్లో నుయ్యి ఉందాండీ?"

ఉందంటే నూతిలో ఆడమనిషి కథ ఇవ్వడు. మేడమీద ఒంటిగది ఉన్నవాళ్ళకి మెట్ల చప్పుడు నవల ఇవ్వడు. కొత్తవాళ్ళకి ఉప్పాడ దగ్గర సముద్రం మింగిన ఊరి నవల ఇస్తాడు. నీళ్ళడుగున గంట మోగుతుంది, నలుగురు పడవేసుకుని వెతుకుతారు. భయం తక్కువ, పరుగు ఎక్కువ. మొదటి పేజీలో పెన్సిలుతో ఓ ముక్క రాస్తాడు: "తొమ్మిదో అధ్యాయం అన్నం తిన్నాక చదవండి."

ఇబ్బందల్లా అట్టలతోనే. జుట్టు విరబోసుకున్న బొమ్మ ఉన్న పుస్తకాన్ని అక్కడి ఇళ్ళల్లో గడప దాటనివ్వరు. అందుకని పాత చర్చి క్యాలెండర్లు చింపి అట్టలేశాడు. పైన ఆ నెల బైబిలు వాక్యం, కింద గొర్రెపిల్లలు. ఏ ఇంటికైనా వెళ్ళిపోయేవి.

జూన్ నెల అట్ట వేసిన పుస్తకాన్ని దీవెన అనే పిల్ల తీసుకెళ్ళి ఇంట్లో టీవీ మీద పెట్టింది. గురువారం స్త్రీల కూడికకి ధ్యానాల పుస్తకం తెచ్చే వంతు దీవెన నానమ్మ సంపూర్ణమ్మది. చూపు ఆనదు. గొర్రెపిల్లల్ని చూసి అదే పట్టుకెళ్ళింది. చర్చి పాస్టరు అయ్యగారి భార్య హెలెన్, దీవెన గుర్తు పెట్టుకున్న చోట తెరిచి పైకి చదివింది. గోడలోంచి ఎవరో పేరుపెట్టి పిలవడం, కోడలు జడుసుకోవడం.

ఎవరూ ఆపలేదు. సాక్ష్యం అనుకున్నారు. సాక్ష్యాలన్నీ అలాగే మొదలవుతాయి కదా, ముందు సైతాను పీడించడం, తర్వాత ప్రార్థన, విడుదల. అరగంట చదివినా ప్రార్థన రాలేదు. అధ్యాయం చివర కోడలే గోడలోకి వెళ్ళిపోయింది.

"ఇంకా విడుదల రాలేదేంటమ్మా?" అంది సంపూర్ణమ్మ.

హెలెన్ అట్ట ఊడదీసి చూసింది.

సాయంత్రానికల్లా సంఘపెద్ద ఎజ్రా కొట్టు ముందు నిలబడ్డాడు, చేతిలో ఆ నవల.

"వాక్యం కింద దెయ్యాన్ని దాస్తావా? సిగ్గుండాలయ్యా."

"దాచకపోతే ఎవరూ తీసుకోరండి."

"అయితే తీసుకోవద్దు! క్యాలెండర్లన్నీ విప్పెయ్. తర్వాత నీ అర, నీ ఇష్టం."

ఐజాక్ బుర్ర గోక్కున్నాడు. ఎజ్రా అన్నదాంట్లో తప్పేం కనబడలేదు, అందుకే అతనికి ఎక్కువ చిరాకేసింది. శనివారం కూర్చుని అన్నీ విప్పాడు. అరలోంచి ఇరవై మొహాలు బజారుకేసి గుడ్లురిమాయి. పది రోజులు ఒక్కరూ పుస్తకం అడగలేదు. దీవెన కూడా ఆధార్ కాపీలు తీసుకుని తల తిప్పుకుని వెళ్ళింది.

పదకొండో రోజు పొద్దున్నే సంపూర్ణమ్మ కర్ర పట్టుకుని వచ్చింది.

"ఒరేయ్ ఐజాకూ, ఆ గోడలోకి పోయిన కోడలుపిల్లకి విడుదల ఉందా లేదా?"

ముగింపు చెప్పడం అతని పద్ధతి కాదు. కానీ ముసలామె ఒకసారి మోసపోయింది, అదీ అతని అట్ట చూసి.

"లేదండి మామ్మగారూ. ఆఖరిదాకా గోడలోనే."

"అలా చెప్పు. ఇంకోటేదైనా ఉందా?"

అతని నడుం నిటారైంది.

"మీ పెరట్లో నుయ్యి ఉందాండీ?"

"ఎప్పుడో పూడ్చేశాంరా."

నూతి నవల తీశాడు. పాత పేపరులో చుట్టబోతే ఆమె లాక్కుంది.

"మళ్ళీ మొదలెట్టావా? దీవెన చేత చదివించుకుంటాలే."

జుట్టు విరబోసుకున్న మొహాన్ని పైకే పెట్టుకుని రోడ్డు దాటింది. చర్చి గేటు దగ్గర హెలెన్ ఎదురొచ్చింది.

"ఏంటండీ పెద్దమ్మగారూ అది?"

"సాక్ష్యం కాదంటమ్మా. ఈసారి కనుక్కునే తెచ్చుకున్నాను."

హెలెన్ ఆ బొమ్మకేసి చూసి, పక్కకి తప్పుకుని దారిచ్చింది. తర్వాత కొట్టుకేసి చూసింది. ఐజాక్ ఎవరిదో రేషన్ కార్డు మిషను మీద పెట్టి పచ్చ బటను నొక్కాడు.