నాలుగు గంటల దూరం

అక్టోబరు మొదటి వారంలో లేహ్ విమానాశ్రయంలో దిగాను. విమానం మెట్లు దిగేసరికే ఆయాసం. గాలికి అలవాటు పడాలని వారం రోజులు అక్కడే ఉంచారు. తర్వాత ఒక రోజు ట్రక్కు, ఒక రోజు నడక. పదిహేడు వేల అడుగుల ఎత్తున మా పోస్టు. తొమ్మిది మందిమి, ఒక కిరోసిన్ పొయ్యి, ఒక రేడియో సెట్టు.

రేడియో ఆపరేటర్‌ది దాచేపల్లి. నాది సత్తెనపల్లి దగ్గర పల్లె. ఇల్లెంత దూరమో లెక్కకట్టడమే మా ఇద్దరి కాలక్షేపం.

"లేహ్ నుంచి ఢిల్లీ ఆరొందల ఇరవై కిలోమీటర్లు. గంటా ఇరవై నిమిషాలు," అనేవాడు. "ఢిల్లీ నుంచి గన్నవరం పద్నాలుగొందలు. రెండు గంటల ఇరవై. నాలుగ్గంటలు కూడా లేదు కదరా మనవైపు."

ఆ లెక్కే ఫోనులో నా భార్యకు చెప్పాను. అప్పుడామెకు ఏడో నెల. ఆమె భయపడకూడదని చెప్పానంటే అబద్ధం. నా భయం పోవడానికి చెప్పాను. నడకా, ట్రక్కూ, మంచూ అందులో కలపలేదు.

ఆమె నమ్మేసింది. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్లడానికి చీమకుర్తి నుంచి వాళ్లమ్మ వస్తే తిప్పి పంపింది. "బావ నాలుగ్గంటల్లో వచ్చేస్తాడమ్మా. నేనిక్కడే ఉంటా," అందట. అది విని మందలించాల్సింది పోయి పొంగిపోయాను.

ఫిబ్రవరిలో సెలవు దొరికింది. డాక్టరు చెప్పిన తేదీకి పది రోజుల ముందే లేహ్ చేరాను. మంచు. విమానం రద్దు. ఆరు రోజులు పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వరుసలో నిలబడ్డాను. "ఈరోజు లేదు, వెనక్కి వెళ్లండి," అనేవాడు హవల్దారు. మా కళ్లంలో మిరపకాయలు ఆరబోసే రోజులవి. ఆ ఘాటుకు ఒక్కసారి తుమ్మితే చాలనిపించేది.

నాలుగో రోజునే ఆమెకు నొప్పులొచ్చాయి. కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. వాళ్లమ్మ చేరేసరికి కాన్పు అయిపోయింది.

ఏడో రోజు విమానం లేచింది. రెండు విమానాలూ చెప్పిన టైముకే దిగాయి. సాయంత్రానికి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. పాపకు మూడు రోజులు.

ఆమె కోప్పడలేదు. జరిగింది చెప్పింది.

"నర్సమ్మ పాపను వరండాలోకి తెచ్చి, ఎవరెత్తుకుంటారని అడిగింది బావా. నన్ను స్ట్రెచర్ మీద తెస్తున్నారు, చూస్తానే ఉన్నా. మనోళ్లు ఐదుగురూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. పొద్దుట్నుంచీ కాయలేరిన చేతులు, ఎంత కడిగినా కారం పోదు కదా. పసిగుడ్డు ఒళ్లు మండుద్దని ఎవరూ ముట్టుకోలా. నువ్వుంటే బాగుండు అనుకున్నా."

మిలటరీ నుంచి వచ్చేసి రెండేళ్లయింది. పాప బడికి వెళ్తోంది. ఎన్నోసార్లు ఎత్తుకున్నాను, అయినా ఆ వెలితి తీరలేదు. పోస్టు ఇప్పుడు సరిగా గుర్తుకు రాదు. నేను చూడని ఆ వరండా మాత్రం రోజూ కనిపిస్తుంది. నర్సు పాపతో చేతులు చాచి నిలబడి ఉంటుంది. అందుకునే చేతులు లేవు.