కొత్త కెమెరాకు పెట్టిన బొట్టు

మొన్న కట్టంగూర్ లగ్గంల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్తా, వినుండ్రి. నవ్వుతరు, నాకెర్కే. నవ్వుండ్రి గని, చాయ్ పైసలు మాత్రం మీరే ఇయ్యాలె. గీ కెమెరా కంపెనీలోళ్లు నా జేబుల చాయ్ పైసలు గూడ ఉంచలే!

ముందుగాల నా కోపం ఏందో చెప్తా. ఇరవై ఏండ్ల సంది నార్కట్‌పల్లిల ఫోటో స్టూడియో నడుపుతున్న. రీలు కెమెరాతోని షురూ చేసిన, తర్వాత డిజిటల్ కొన్న, ఆ తర్వాత పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న. నల్లగ, బరువుగ, బటన్ నొక్కితే ‘టకక్’ అని సప్పుడు. మంచిగ బతుకుతున్న. గప్పుడు దిగింది గీ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ అనేటిది. పాతదాంట్ల లెన్స్ ఎనుక ఒక అద్దం ఉంటది, దీంట్ల ఉండదు. సెన్సార్ పెద్దది, తక్కువ వెలుతుర్ల గూడ ఫోటో సాఫ్‌గ వస్తది. మంచిదే, నేను కాదంటలే. కని ఒక కంపెనోడు తెస్తే ఇంకోడు ఊకుంటడా? ఆడొకటి తెచ్చిండు. దాని మీద ఈడొకటి తెచ్చిండు. మూడోడు వచ్చి ధర తగ్గిచ్చిండు. కంపెనీలు కొట్లాడుకుంటే కొనెటోనికి లాభమంటరు గదా? లాభమే! రేపు కొనెటోనికి లాభం. నిన్న కొన్నోడు ఏం గావాలె? అది ఎవ్వడు చెప్పడు!

నా స్టూడియోకు ఎదురుంగ, రోడ్డవతల సైదులు స్టూడియో ఉన్నది. నాకంటె పదేండ్లు చిన్నోడు. ఆడు ముందుగాల కొన్నడు. కొన్నోడు ఊకెనే ఉన్నడా, ఫ్లెక్సీ కట్టిండు: ‘మా వద్ద ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కలదు’ అని. ఆ ఫ్లెక్సీ మీద సైదులు మొఖం కంటె కెమెరానే పెద్దగుంటది. ఇగ ఆ దినం సంది నాకు ఫోన్ చేసినోడల్లా గదే అడుగుడు. అడిగి, సైదులు రేటు గింతేనంట గదా అని బేరం. కెమెరా లక్షలు పెట్టి కొనాల్నంట, లగ్గం రేటు మాత్రం తగ్గియ్యాల్నంట! ఇదెక్కడి లెక్క?

గట్లాంటి టైంల కట్టంగూర్ నుంచి నర్సింహ మామ ఫోన్ చేసిండు. వరసకు మామ కాదు, మా బాపు దోస్తు. పత్తి, బత్తాయి ఏస్తడు.

“యాదగిరీ, పెద్దబిడ్డ లగ్గం పెట్టుకున్న. నీ తాన అద్దం లేని కెమెరా ఉన్నదార?”

“మామా, అద్దం ఉంటే ఏమైతది, లేకుంటే ఏమైతది?”

“నాకేం ఎర్క? లేనిదే మంచిదంటాండ్రు. పిల్లగాని దిక్కోళ్లు సైదులును పెట్టుకున్నరు. ఆళ్లయి మంచిగొచ్చి, మనయి మంచిగ రాకుంటే నా ఇజ్జత్ ఏం గావాలె? నీ తాన లేకుంటే చెప్పు, వేరేటోన్ని చూసుకుంట.”

మీకెర్కే గదా, మా దిక్కు లగ్గమంటే పిల్ల దిక్కు ఒక ఫోటోగ్రాఫరు, పిల్లగాని దిక్కు ఒక ఫోటోగ్రాఫరు. పోటీ అక్కడ్నే షురూ. పైగ మామకు ఇంకో ఇద్దరు బిడ్డలు, ముగ్గురు తమ్ముండ్లు, ఆళ్లకు గూడ పిల్లలు. ఆ ఒక్క ఇల్లు పోతే కట్టంగూర్ మొత్తం సైదులు చేతుల్లకు పోయినట్టే. “ఉన్నది మామా, ఎందుకుండదు!” అన్న. తెల్లారి హైదరాబాద్ బస్సెక్కిన.

పాత కెమెరాను ఎక్చేంజ్‌ల తీసుకొమ్మంటే షాపోడు దాన్ని చేతులకు గూడ తీసుకోలే. “అన్నా, గిది ఇప్పుడు ఎవ్వరు కొంటరే? ఇంట్ల దాసుకో, మనుమలకు చూపిద్దువు” అన్నడు. నాకు ఒళ్లు మండింది! ఐదేండ్ల కింద గిదే షాపోడు, గిదే కెమెరాను, ‘ఇగ దీని మీద ఇంకోటి రాదన్నా’ అని అమ్మిండు. ఏం చేస్త? ఈఎంఐల కొత్తది తెచ్చుకున్న, సప్పుడు లేకుండ ఫోటో తీసి మామకు గూడ చూపిచ్చిన. పాతదాన్ని సైదులే కొన్నడు, “బ్యాకప్‌కు పడుంటది తియ్యన్నా” అని. ఎంతకిచ్చిన్నో అడగకుండ్రి, నాకు మల్ల బీపీ లేస్తది.

నలభై దినాలు గూడ గాలే. ఇంకో కంపెనోడు కొత్త మోడల్ ఇడ్సిండు. ఆనికి పోటీగ నా కంపెనోడు నా మోడల్ ధర తగ్గిచ్చిండు! షాపోనికి ఫోన్ చేసి అరిసిన. “టెక్నాలజీ అన్నా, మన చేతుల ఏమున్నది” అన్నడు. నీ చేతుల ఏం లేకుంటే నా పైసలు ఎవని చేతుల ఉన్నయిరా?

సరే, లగ్గం దినం పొద్దుగాల. మేం ఫోటోగ్రాఫర్లం దసరాకు కెమెరాలకు పూజ చేస్తం, కొత్తది కొన్నా చేస్తం. దీనికి తీరిక లేక చెయ్యలే. ఇయ్యాల మొదటి పెద్ద పని, చెయ్యకుండ ఎట్ల పోత? బ్యాటరీ పెట్టిన, సెట్టింగులన్ని చూస్కున్న, సప్పుడు రాకుండ సైలెంట్ పెట్టిన. అన్ని అయినంక కొబ్బరికాయ కొట్టిన, అగరొత్తులు ముట్టిచ్చిన. బొట్టు ఏడ పెట్టాలె? పాతదానికి నెత్తి మీద పెడ్తుంటి. దీని నెత్తి మీద ఫ్లాష్ లైట్లు ఎలిగిచ్చే ట్రిగ్గర్ ఉన్నది. అటు తిప్పి ఇటు తిప్పి చూసిన. ఎనుక, కన్ను పెట్టి చూసే రంధ్రానికి జర మీద, నున్నగ వేలు పట్టేంత నల్ల జాగా ఉన్నది. ‘కంపెనోడు ఎన్ని తప్పులు చేసినా మన బొట్టుకు జాగా మాత్రం మంచిగిడ్సిండు’ అనుకున్న.

మా ఇంటామె పద్మ అన్నది, “గాడ ఎందుకయ్యా, మెడల ఏసుకునే పట్టీకి పెట్టరాదు?”

“నీకేం తెల్సు కెమెరాల గురించి?” అన్న నేను. కుంకుమల రెండు సుక్కలు నూనె కలిపి, ఉంగరం వేలుతోని గట్టిగ అద్దిన.

ఫంక్షన్‌హాల్‌కు పోయిన. స్టేజీ మీద పిల్ల, పిల్లగాడు, మధ్యల తెర. అటు దిక్కు సైదులు కెమెరా ఊగకుండ పట్టే గింబల్ పట్టుకోని హీరో లెక్క నిలబడ్డడు. ఇటు దిక్కు నేను. స్విచ్ ఆన్ చేసిన. స్క్రీన్ నల్లగున్నది! ఆఫ్ చేసి ఆన్ చేసిన. నల్లగనే. బ్యాటరీ మార్చిన, కార్డు తీసి పెట్టిన, లెన్స్ తీసి ఊదిన. బటన్ నొక్కిన, సప్పుడు లేదు. ఎట్ల వస్తది, సప్పుడు నేనే బంద్ చేస్తి గదా! గా టైంల అదెవనికి యాదికొస్తది? కన్ను పెట్టి చూద్దామన్న ఆలోచన గూడ వచ్చింది. కని ఆ రంధ్రంల గూడ చిన్న టీవీ అసొంటిదే ఉంటదని షాపోడు చెప్పిండు. పెద్ద టీవీనే సచ్చినంక చిన్న టీవీ ఎట్ల బతుకుతది అనుకోని, దాని దిక్కే పోలే.

పంతులు జీలకర్ర బెల్లం చేతుల పట్టుకోని, “పిల్ల దిక్కు ఫోటోగ్రాఫర్ తయారేనా?” అని మైకుల అడిగిండు. మైకుల! హాల్ మొత్తం నా దిక్కు తిరిగింది. నర్సింహ మామ పండ్లు పటపట కొరుకుతాండు. “ఏందిర యాదగిరీ?”

“ఒక్క నిమిషం మామా!”

“ముహూర్తం నీకోసం ఆగుతదా?”

ఇగ సిగ్గిడిసి సైదులు కాడికి పోయిన. “తమ్మీ, నా పాతది తెచ్చినవా?”

ఆడు నవ్వనన్న నవ్వలే. నవ్వినా బాగుండు! ఎంతో జాలిగ, “బ్యాగుల ఉన్నదన్నా, తీస్కో. నీదేనాయె. కిరాయి గూడ వద్దు” అన్నడు. నా కెమెరా నాకు ఇచ్చుకుంట కిరాయి వద్దంటడా ఆడు!

తీసుకున్న. కన్ను పెట్టిన. ‘టకక్, టకక్’. జీలకర్ర బెల్లం, పుస్తెలు, తలువాలు, అన్ని కొట్టిన. చేతులు వాటంతట అవే పనిచేసినయి. మధ్యల మామ చెవికాడికొచ్చి, “ఏందిర, సప్పుడొస్తాంది? మొన్న నువ్వు చూపిచ్చినప్పుడు రాలే గదా?” అన్నడు. “గది ఖరాబైంది మామా” అన్న. మామ అన్నాల దిక్కు పోయిండు.

తెల్లారి హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు పోయిన. ఎట్ల పోయిన్ననుకున్నరు? బస్సుల పొడుగూత తిట్లు మనసుల రాసుకుంట పోయిన. కౌంటర్ కాడ పది మంది ఉన్నరు. అందరు వినేటట్టే అరిసిన. “లక్షలు తీసుకుంటరు, నెల దాటంగనే ధర తగ్గిస్తరు, లగ్గం నడిమిట్ల చంపేస్తరు! మీకు మీకు పోటీ ఉంటే మీరు మీరు సావుండ్రి, మమ్ముల ఎందుకు చంపుతరు?” ఎనుక నిలబడ్డోళ్లు గూడ “నిజమే అన్నా, నిజమే” అన్నరు. నాకు ఇంక ఊపొచ్చింది.

కౌంటర్ల ఉన్న పిల్ల కెమెరా అడిగింది. తీసుకున్నది, ఆన్ చేసి తిప్పి చూసింది. ఒక టిష్యూ కాయితం తీసుకోని ఎనుక జర తుడిసింది. స్క్రీన్ భగ్గున ఎలిగింది!

“సార్, ఇది ఐ సెన్సార్. ఇక్కడ కన్ను పెట్టారనుకుంటే పెద్ద స్క్రీన్ దానంతట అదే ఆఫ్ అవుతుంది, బొమ్మ లోపల కనబడుతుంది. దీని మీద ఏదో ఎర్రగా అంటుకుంది సార్.”

“బొట్టు” అన్న.

“కెమెరా ఏం చెడిపోలేదు సార్. ఫోటోలు కూడా తీసింది, చూడండి.”

చూపిచ్చింది. పద్నాలుగు ఫోటోలు! ఫంక్షన్‌హాల్ ఫ్యాన్లు నాలుగు, నా చెప్పులు మూడు, మిగిలినయన్ని నా మొఖమే. లెన్స్‌లకు తొంగి చూసుకుంట, నోరు తెరుసుకోని, కండ్లు మిటకరిస్తున్న. చెమట సుక్క సుక్క లెక్కపెట్టొచ్చు, గంత సాఫ్‌గ వచ్చినయి. ఫుల్‌ఫ్రేమ్ గదా! ఇందాక ‘నిజమే అన్నా’ అన్నోళ్లందరు మెడలు చాపి చూస్తాండ్రు. నాకు ఇంక కోపమొచ్చింది. “మరి ఇండియాల అమ్మేటప్పుడు బొట్టుకు వేరే జాగా ఇడ్వాల్న వద్దా?” అన్న. ఆ పిల్ల ‘నెక్స్ట్’ అన్నది.

నాలుగు దినాలు నర్సింహ మామకు ఫోన్ చెయ్యలే. ఫోటోలు పెన్‌డ్రైవుల ఏసి పంపి ఊకున్న. ఐదో దినం మామనే చేసిండు. ఇగ తిట్లే అనుకోని ఎత్తిన.

“యాదగిరీ, నీ ఫోటోలు, ఆళ్ల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసినంర. ఆళ్లయి మస్తు మెరుస్తున్నయి. కని ఒక్క ముసలోడన్న కెమెరా దిక్కు చూడలే! సప్పుడు రాకపాయె, ఫోటో ఎప్పుడు తీసిండో ఎవ్వనికి ఎర్క గాకపాయె. మా అవ్వ నోరు తెరిసే ఉన్నది పాపం. నీ దాంట్ల టక్కుమనేదాంక అందరు మంచిగ బిగబట్టుకోని నిలబడ్డరు. నడిపి బిడ్డ లగ్గానికి నువ్వే రావాలె. గా సప్పుడొచ్చే కెమెరానే తేవాలె, చెప్తున్న.”

నా పానం లేచొచ్చింది! కట్టంగూర్ ఇంక నా చేతులనే ఉన్నది! చెప్పులేస్కోని ఉరికి రోడ్డు దాటి సైదులు కాడికి పోయిన.

“తమ్మీ, పాతది మల్ల నాకియ్యి. నువ్విచ్చిన పైసలు నీకిస్త.”

సైదులు గడ్డం గోక్కున్నడు. “దానికిప్పుడు డిమాండొచ్చిందన్నా. నర్సింహ మామ నాకు గూడ ఫోన్ చేసిండు. సప్పుడొచ్చే కెమెరా ఉన్నదా, ఉంటే ఎంత తీసుకుంటవని అడిగిండు.”

ఎంత పని చేస్తివి మామా! ఇటు నన్ను రమ్మంటివి, అటు ఆనితోని బేరం పెడ్తివి!

ఇగ సైదులు, నేను గంటసేపు కొట్లాడినం. ఆడు కొన్నదానికి డబల్ చెప్పిండు. తిట్టిన, బతిమాలిన, లేచి వచ్చిన, మల్ల పోయిన. చివరికి డబల్‌కే తెచ్చుకున్న.

గీ కంపెనీలన్ని కలిసి, పోటీ పడి పోటీ పడి, పాత కెమెరా రేటును నేలకు దించినయి. దాన్ని మల్ల పైకి లేపినోడు దేశం మొత్తంల ఒక్కడే ఉన్నడు. అగ్గువకు అమ్మిన సొంత కెమెరాను పిరంకు కొన్న గీ యాదగిరి!