సున్నం కింది పసుపు

నిన్న పెర్కిట్‌లో అమ్మకానికి ఉన్న ఒక పాత ఇంటి గడప దగ్గర తడి సున్నం వాసన తగిలి ఆగిపోయాను. ఇప్పుడు అందరూ డబ్బా రంగులే వేస్తున్నారు కాబట్టి ఆ వాసన అరుదైపోయింది. ఇల్లు కొనడానికి నా వెంట వచ్చిన దంపతులు లోపలికి పోబోతుంటే చేయి అడ్డం పెట్టి, అరుగు మీద కూర్చోమన్నాను. ఇంటివాడు ముప్పై ఏళ్ళ యువకుడు, నిటారుగా నిలబడి ఉన్నాడు. "బాబూ, జర మంచినీళ్ళు తాగియ్యి" అన్నాను. ఆ మాట నాది కాదు, సాయవ్వది.

సాయవ్వ ఆర్మూరు మార్కెట్ యార్డులో ఏళ్ళ తరబడి పసుపు ఏరిన మనిషి. కొమ్ము విరిచి లోపలి రంగు చూసి, ఏ చేనుదో చెప్పేది. ఊళ్ళో ఏ ఇల్లు ఖాళీ అవుతుందో, ఎవరికి ఇల్లు కావాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇల్లు కొనుక్కునే పేదవాళ్ళు ముందు ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవారు. ఎనభైల చివర్లో ఆమె మా ఇంటికి వచ్చింది కూడా అలాంటి ఇద్దరి కోసమే. యేసుదాసు హమాలీ, అతని భార్య ఎస్తేరు సర్కారు దవాఖానలో ఆయా. ముగ్గురు పిల్లలతో ఒక గదిలో అద్దెకుండేవారు. వానలు పడేలోగా ఖాళీ చేయమని ఆ గది యజమాని చెప్పేశాడు.

మాది పటేళ్ళ ఇల్లు. భూములు నాన్న కాలంలోనే పోయాయి. ఆయన పోయాక ఇల్లు, పటేలు అన్న పిలుపు మిగిలాయి. ఇల్లు అమ్మక తప్పదని తెలిసినా, కొనేవాళ్ళు ప్రశ్నలు అడుగుతారన్న సంగతి నాకు తట్టలేదు. మొదటి రోజు ఎస్తేరు, ఎండాకాలం బావిలో నీళ్ళుంటాయా అని అడిగింది. "మా బావి సంగతి అడిగేటంత దూరం వచ్చిందా?" అని లేచి లోపలికి పోయాను. రెండోసారి యేసుదాసు దూలాన్ని వేలితో తట్టి చూశాడు. "ఇది అంగట్ల ఎద్దు గాదు" అన్నాను. ఆ రోజూ బేరం అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు సాయవ్వ ఒక్కతే వచ్చి మెట్టు మీద కూర్చుంది. "నువ్వు ఇల్లు అమ్ముతలేవు పటేలా, దండాలు వెట్టించుకుంటున్నవ్" అంది. "ఈసారి ధర ముచ్చట తర్వాత. ముందుగాల ఇంటి ఐబులు, ఏడేడ మంచిగ లేదో అది, నీ నోటితోని నువ్వే చెప్పాలె. గట్లయితెనే నేను బేరం చేస్త."

"మా ఇంటికి ఐబులా?"

"ఐబు లేని ఇల్లు ఏడుంటది? బస్తా మూతి కాడ మంచి కొమ్ములు వెట్టి అమ్మెటోడు ఒక్కసారే అమ్ముతడు. అడుగుది తీసి మీద వోసెటోడు యేటేటా అమ్ముతడు."

"నేను అమ్మేది ఒక్కసారే గదా" అన్నాను వెటకారంగా.

"ఊళ్ళె ఉండేది ఒక్కసారి గాదు గదా" అని, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఐబు ఉంది. పసుపు బస్తాలు నిలవ చేసే గదిలో పడమటి గోడకు వానాకాలం నీళ్ళు దిగేవి, పెచ్చులు ఊడేవి. దాన్ని చెప్పడం కంటే దాచడమే సులువనిపించింది. కూలివాణ్ణి పిలిస్తే ఊరంతా చెబుతాడు. అందుకే వాళ్ళు మూడోసారి వస్తామన్న రోజు పొద్దున తలుపు గడియ పెట్టుకుని, జీవితంలో మొదటిసారి నా చేత్తో సున్నం కలిపి ఆ గోడకు పూశాను. మూడు తరాల పసుపు దుమ్ము పట్టిన గోడ అది. పసుపు మీద సున్నం పడితే ఏమవుతుందో ఆర్మూరులో చంటిపిల్లలకు కూడా తెలుసు. గోడను ముందు గీకి కడగాలని పనివాళ్ళకు తెలుసు. ఏ పనీ ముట్టని నాకు తెలియలేదు. చూస్తుండగానే గోడంతా చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడింది. దాని మీద ఇంకా సున్నం పూశాను, ఇంకా ఎర్రబడింది.

అంతలోనే వాళ్ళు వచ్చేశారు. భార్యాభర్తలు బావి దగ్గర ఆగారు. సాయవ్వ నేరుగా వచ్చి గదిలోకి తొంగి చూసింది. నన్ను, నా చేతుల్ని, గోడను చూసింది.

"గోడకేమన్న లగ్గమా పటేలా, పారాణి వెట్టినవ్?" అని గుసగుసగా అంది. నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత తలుపు మెల్లగా దగ్గరికి వేసి, బయటికి వినబడేలా, "పటేలా, జర మంచినీళ్ళు తాగియ్యి!" అంది.

మా ఇంట్లో వచ్చినవాళ్ళకు నీళ్ళిచ్చే పని ఎప్పుడూ ఎవరో చేసేవారు. ఆ రోజు నేనే చెంబుతో తెచ్చి ముగ్గురికీ ఇచ్చాను. నా గోళ్ళలో సున్నం అలాగే ఉంది. సాయవ్వ గుక్క గుక్కకూ ఆగుతూ తాగింది. తాగినంతసేపూ నావైపు చూడలేదు. చూసి ఉంటే కోపం వచ్చేది, మళ్ళీ లేచి లోపలికి పోయేవాణ్ణి.

"పడమటి గోడ మంచిగ లేదు" అన్నాను. "వానకాలం నీళ్ళు దిగుతయ్. మీకు కనవడొద్దని పొద్దున్నే సున్నం ఏసిన."

యేసుదాసు చెంబు కింద పెట్టాడు. "ఎర్కే పటేలా. పదేండ్లు మీ బస్తాలు మోసిన. గా గోడకు ఆనిచ్చి పెట్టకుండ్రిరా, నీళ్ళు దిగుతయ్ అని మీ నాయిన తలుపు కాడ నిలవడి ఒర్రేటోడు."

"పది దినాల సంది ఇంట్ల గిదే ముచ్చట" అంది ఎస్తేరు నవ్వుతూ. "పటేలు చెప్తడా, చెప్పడా అని."

"చెప్పకపోతే?"

ఆమె నవ్వు ఆగింది. "పిల్లలను వట్టుకొని ఇంకో ఇల్లు దేవులాడుకుందుము. ఎర్కున్న ఐబుకు ఫికర్ లేదు పటేలా, గోడ కట్టుకుంటం. గిది దాస్తివంటే, మాకు ఎర్కలేనియి ఇంకెన్ని దాసినవో అని భయం."

మా నాన్న పదిమందిలో అరిచి చెప్పిన మాటను, ఆయన పరువు కాపాడుతున్నాననుకుంటూ నేను దాచాను. సాయవ్వ అప్పుడు, "ఇగ ధర మాట్లాడుకుందాం" అంది. రెండుసార్లు ఆగిపోయిన బేరం, ఆమె తమలపాకు నమిలేలోపు తెగింది. గోడకయ్యే ఖర్చు ధరలో నేనే తగ్గించాను, ఎవరూ అడగలేదు. వానలకు ముందే వాళ్ళు ఇంట్లో చేరారు.

నేను పెర్కిట్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఖాళీగా ఉంటే ఆమె మళ్ళీ వచ్చింది. "నాతోని రా. పొగరుబోతులతోని మాట్లాడేటందుకు నాకొక పొగరుబోతు కావాలె" అంది. ఆ మాటకు నొచ్చుకున్నాను, కానీ వెళ్ళాను. ఒకసారి నందిపేట్ దారిలో ఒక రిటైరైన పంతులు గారి ఇల్లు చూడడానికి పోయాం. కొనే కుర్రవాడు ధర తగ్గించాలని శ్లాబు పగుళ్ళు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పంతులు మమ్మల్ని బయటికి పంపేశాడు. సాయవ్వ రోడ్డు మీదే కుర్రవాణ్ణి దులిపేసింది. "ఐబులు నువ్వు లెక్కవెడ్తే తిట్టు. ఆయన చెప్తే ముచ్చట. ఇల్లు కట్టుకున్నోడు ఎదురుంగనే ఉండె గదరా!" తర్వాత నావైపు తిరిగి, "నువ్వు వోయి నీ పారాణి గోడ కథ చెప్పు" అంది.

ఆ కథ నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పంతులు గారి ఎదుట కర్రలా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఆయన ముందు ముఖం చిట్లించాడు, తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. చివరికి నా చేయి పట్టుకుని మేడ మీదికి తీసుకుపోయి, నాకు కనబడని పగులు కూడా చూపించాడు. కిందికి దిగేసరికి సాయవ్వ గేటుకు ఆనుకుని ఉంది. నా ముఖం చూసి, ఏమైందని అడగనే లేదు.

ఆమె తొంభైల చివర్లో పోయింది. ఆమె వెంట తిరిగిన పదేళ్ళలో ఎన్ని ఇళ్ళు చూశామో గుర్తు లేదు, ఎన్ని చెంబుల నీళ్ళు తాగామో అసలే గుర్తు లేదు.

నిన్న ఆ యువకుడు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అతని గోళ్ళలో సున్నం ఉంది. నేను రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ, గుక్క గుక్కకూ ఆగి తాగాను. అతను నిలబడే ఉన్నాడు. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. గ్లాసు కింద పెట్టి అరుగు మీద పక్కకు జరిగి, కూర్చోమని చోటిచ్చాను.

"మా ఇంట్ల ఒక పడమటి గోడ ఉండె బాబూ" అన్నాను.