కాలు దించిన ఫెయిల్ మేడమ్

ఆ ఊళ్ళో ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరుకూ, కట్టుకున్న మొగుడికీ తప్ప ఎవరికీ తెలియదు. మిగతా జనానికి ఆవిడ ఫెయిల్ మేడమ్.

డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు టూవీలర్ పరీక్షలు పెట్టింది. ఆఫీసు వెనక ఖాళీ స్థలం, అందులో సున్నంతో గీసిన ఎనిమిది అంకె, ఒక మూల రేకుల నీడ, ఆ నీడలో ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఆవిడ. ఒళ్ళో క్లిప్పు పెట్టిన అట్ట, చేతిలో ఎర్ర పెన్ను. నీలం పెన్ను కూడా ఒకటి ఉండేదంటారు గానీ దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ.

రూలు ఒక్కటే. ఎనిమిది పూర్తయ్యేదాకా కాలు నేలకు తగలకూడదు. తగిలిందా, "కాలు పెట్టారు. వచ్చే నెల రండి" అనేది. చిన్నా పెద్దా అందరినీ మీరు అనే పిలిచేది. మర్యాదకు లోటుండేది కాదు, మార్కులకే. ఒకసారి ఒకాయన తన కాలు పడలేదనీ, చెప్పు మాత్రమే జారి పడిందనీ వాదించాడు. ఆవిడ శాంతంగా విని, చెప్పు ఉండాల్సింది కాలికేనని చెప్పి ఎర్ర పెన్ను తీసింది.

అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట రిటైరైంది. ఆఫీసువాళ్ళు గోడ గడియారం బహూకరించారు. ఇక టైముతో పని లేని మనిషికి అంతకంటే ఆలోచించి ఇవ్వగల వస్తువు ఇంకేముంటుంది!

మొదటి మూడు వారాలు ఇల్లే పరీక్షా స్థలమైంది. మొగుడు మందుల షాపు నడుపుతాడు, మధ్యాహ్నం పూట ఇంటికి వచ్చి తనే టీ పెట్టుకుంటాడు. అతను గ్లాసులోకి టీ వంపుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, "అంచు దాటింది" అనేది. నీళ్ళ క్యాన్ల ఆటో గేటు ముందు వెనక్కి తిరుగుతుంటే బాల్కనీలోంచి, "సిగ్నల్ ఏదీ?" అనేది. నాలుగోసారికి ఆ ఆటో ఈ వీధికి రావడం మానేసింది. స్వయంగా క్యాను భుజాన మోసుకొచ్చిన రోజున మొగుడు ఆయాసం తీర్చుకుని అన్నాడు:

"నువ్వు ఇంటిపట్టున ఉండటం నాకు ఎంతో సంతోషంగా ఉంది. కాకపోతే ఇంత సంతోషాన్ని తట్టుకునే మాత్రలు నా షాపులో లేవు. షెడ్డులో నీ పాత బండి ఉందిగా, దాని సంగతేదో చూడకూడదూ?"

ఆ సలహా ఇచ్చినందుకు తర్వాత చాలాసార్లు తన నాలుక తనే కరుచుకున్నాడు.

ఆ బండి డర్ట్ బైకు. మట్టి దారుల్లో, గుట్టల మీద తిరగడానికి చేసిన ఎత్తు బండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ ముచ్చటపడి కొనుక్కుంది. రెండేళ్ళు కొండ దారులు పట్టుకు తిరిగింది. ఆ తర్వాత పెళ్ళి, కాపురం, కూతురు. బండి షెడ్డులోకి వెళ్ళింది. హ్యాండిల్ పిల్ల గుడ్డలు ఆరేసుకోవడానికీ, సీటు పెయింటు డబ్బాలు పెట్టుకోవడానికీ పనికొచ్చాయి. అలా ఇరవై ఎనిమిదేళ్ళు ఏ ఫిర్యాదూ లేకుండా సంసారం చేసింది.

బండి మీద కప్పిన దుప్పటి తీసి చూస్తే గాలి ఫిల్టరు డబ్బాలో ఎలుకల కుటుంబం ఒకటి సుఖంగా స్థిరపడి ఉంది. ట్యాంకులో పెట్రోలు తారులా గడ్డకట్టింది. గొలుసు తుప్పుపట్టి కర్రలా బిగుసుకుంది. ఆవిడ మెకానిక్కుల చుట్టూ తిరిగింది. మొదటివాడు సామాను దొరకదన్నాడు. రెండోవాడు తూకానికి తీసుకుంటానన్నాడు. మూడోవాడు పగలబడి నవ్వి, వచ్చింది ఎవరో పోల్చుకోగానే నవ్వు ఆపేసి షట్టరు దించాడు. నాలుగోవాడి షెడ్డు రైలు గేటు పక్కన ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి, మోచేతుల దాకా గ్రీజు. ఆవిణ్ణి చూసి పానా కింద పెట్టాడు.

"గుర్తుపట్టారా మేడమ్?"

"లేదు."

"ఆరుసార్లు ఫెయిల్ చేశారు నన్ను."

"అయితే కాలు పెట్టి ఉంటారు."

"ఆరుసార్లూ పెట్టాను." అతను చేతులు తుడుచుకున్నాడు. "ఊళ్ళో సగం బండ్లు నేనే బాగుచేస్తాను. బాగయిందో లేదో చూడ్డానికి మాత్రం ఈ షెడ్డు వెనక సందు దాటి బయటికి పోను. లైసెన్సు లేదుగా."

"మంచి పని. చట్టం పట్ల గౌరవం ఉంది మీకు."

అతను కాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు, వెటకారమేమోనని. కాదు, నిజంగానే మెచ్చుకుంటోంది. అది చూసి అతనికి ఏమనిపించిందో గానీ ఒప్పుకున్నాడు.

"సరే మేడమ్. కానీ విప్పడం, కడగడం, బిగించడం అన్నీ మీరే చెయ్యాలి. నేను పక్కన కూర్చుని చెప్తాను."

అలా అని మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

అయిదు నెలలు పట్టింది. ఆవిడ తన అట్టా, ఎర్ర పెన్నూ తెచ్చుకుని ప్రతి నట్టుకూ నంబరు వేసుకుంది. ఇంజనుకు పెట్రోలునూ గాలినీ కలిపి అందించే కార్బురేటర్‌ని విప్పి, కడిగి, బిగించింది. చివర్లో బల్ల మీద చిన్న వాషరు ఒకటి మిగిలింది. అతను దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురులో చూసి, "ఇది మిగిలింది మేడమ్. రేపు రండి" అన్నాడు. వచ్చే నెల అనలేదు, మనసున్న మనిషి. నాలుగు రోజులు అలాగే రేపు రండి అనిపించుకుంది. అయిదో రోజు బల్ల మీద ఏమీ మిగల్లేదు. అతను తల ఊపాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తను ఎవరికీ అలా తల ఊపినట్టు గుర్తులేదని ఆవిడ ఆ సాయంత్రం మొగుడితో అంది. మొగుడు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అతనికి వేరే బాధలున్నాయి. ఒకరోజు టీ గుక్కెడు తాగి గ్లాసు దూరంగా పెట్టాడు.

"ఈ టీపొడిలో ఏం కలిపావు? ఈ వాసన నా షాపులో కూడా లేదే."

"ఏమీ కలపలేదండీ. ఆ జల్లెడతో పొద్దున పెట్రోలు వడకట్టాను. కడిగాను లెండి."

ఇక కూతురు. ఫిజియోథెరపిస్టు. రోజూ ఊరందరి మోకాళ్ళూ చూసే పిల్ల, తల్లి మోకాలి దగ్గరికొచ్చేసరికి తల పట్టుకుంది. ఆ బండికి బటన్ నొక్కితే స్టార్టయ్యే భాగ్యం లేదు, కిక్కు కొట్టాల్సిందే.

"అమ్మా, నీతో పాటు నీ మోకాలు కూడా రిటైరైంది. దాన్ని వదిలెయ్యవే!"

ఎంత చెప్పినా వినకపోతే ఒక ఎత్తు వేసింది. పన్నెండు వ్యాయామాలు కాగితం మీద రాసిచ్చి, ఇవన్నీ ఆరు వారాలు రోజూ చేస్తేనే కిక్కు కొట్టాలంది. మూడో రోజుకే విసుగుపుట్టి మానేస్తుందని లెక్క. తల్లి ఎవరో ఆ పిల్లకు ఒక్క క్షణం మరుపుకొచ్చినట్టుంది. ఆరు వారాలు, రోజుకు పన్నెండు టిక్కులు, ఒక్క గడి ఖాళీ లేకుండా కాగితం తిరిగి చేతికొచ్చింది.

బండి పదకొండో కిక్కుకు లేచింది. పెట్రోల్లో ఆయిలు కలుపుకుని తాగే పాతకాలం ఇంజను, వీధి నిండా నీలం పొగ కక్కింది. ఎదురింటావిడ పరుగున వచ్చి ఆరేసిన బట్టలు తీసుకుపోయింది. ఫెయిల్ మేడమ్ పకపకా నవ్వింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నవ్వు రెండుసార్లు విన్నాననీ, మొదటిసారి ఎందుకో మాత్రం గుర్తులేదనీ మొగుడు చెప్పుకున్నాడు.

ఊరి బయట తవ్వకాలు ఆగిపోయిన కంకర గుంత ఒకటుంది. ఆదివారం పొద్దున కుర్రకారు ఎనిమిదిమందో తొమ్మిదిమందో అక్కడ ఇలాంటి బండ్లే తిప్పుతారు. ట్రాలీ ఆటోలో బండినీ, ముందు సీట్లో మెకానిక్కునీ ఎక్కించుకుని ఆవిడ అక్కడ దిగింది. గుంతలో ఇంజన్లన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆవిడ చేతిలో కనీసం ఒక్కసారైనా ఫెయిల్ కానివాడు ఆ గుంపులో లేడు. ఒకడైతే హెల్మెట్ కూడా తియ్యకుండా జేబులో లైసెన్సు ఉందో లేదో తడుముకున్నాడు.

ఆవిడ బండెక్కి నిటారుగా కూర్చుని, రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీద అతికించినట్టు పెట్టుకుని మొదటి మలుపు తీసుకుంది. ముందు చక్రం బురదలో సర్రున జారింది. పడింది. ఎవరూ నవ్వలేదు, అంత ధైర్యం ఎవరికుంది! లేచి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే మలుపు, అదే బురద. మూడోసారి ఆ బురద చెవిలోకి కూడా వెళ్ళింది. గట్టు మీంచి మెకానిక్కు దిగి వచ్చాడు.

"మేడమ్, మలుపులో లోపలివైపు కాలు తీసి ముందుకు చాపాలి. బండి జారితే ఆ కాలే ఆసరా."

"కాలు కింద పెట్టకూడదు."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెప్పాను."

"మీరు సున్నం గీతలకు చెప్పారు మేడమ్. బురదకు ఎవరూ చెప్పలేదు."

ఆవిడ పట్టుదల కొద్దీ ఇంకోసారి పడింది. అయిదోసారి మలుపు దగ్గరికి వస్తుండగా, చెప్పకుండానే ఎడమ కాలు ఫుట్‌రెస్టు వదిలి ముందుకు చాచుకుంది. బూటు మడమ బురదను రాసుకుంటూ పోయింది. వెనక చక్రం పక్కకు జారుతోంది, జారుతూనే నిలబడింది. యాక్సిలరేటరు తిప్పింది. బండి మొత్తం ఆ ఒక్క కాలి చుట్టూ తిరిగి తిన్నగా అయింది. ఆపకుండా పదకొండు చుట్లు తిరిగింది. పెట్రోలు అయిపోబట్టి ఆగింది గానీ లేకపోతే ఏమయ్యేదో.

బండి గట్టుకు ఆనించి, నీళ్ళు తాగి, మెకానిక్కును అడిగింది.

"మీరు బండి ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇక్కడే మేడమ్. మా నాన్న ఇక్కడ లారీలకు కంకర ఎత్తేవాడు. మేస్త్రి బండి మీద ఈ గుంతలోనే తిరిగేవాణ్ణి."

"అంటే మలుపు వచ్చిందంటే..."

"కాలు దానంతట అదే వచ్చేస్తుంది. ఆపుదామనుకునేలోపే మీ ఎర్ర పెన్ను కదిలేది."

ఆవిడకు పశ్చాత్తాపంతో కళ్ళు చెమ్మగిల్లాయని రాయాలని నాకూ ఉంది. ఆవిడ అన్నది మాత్రం ఇదీ: "ఎందుకైతేనేం, పెట్టారు కదా."

కానీ సోమవారం పొద్దున్నే సున్నం బస్తాతో అతని షెడ్డు ముందు దిగింది. వెనక సందులో చెయ్యి వణక్కుండా ఎనిమిది గీసింది. అతని మోకాలికీ బండి ట్యాంకుకీ మధ్య ఒక కాగితం దూర్చి, అది కింద పడకుండా ఎనిమిది పూర్తి చెయ్యమంది. మొదటి నెలంతా సందులో కాగితాలే. రెండో నెలలో కాగితం ఇటునుంచి అటు వెళ్ళి తిరిగొచ్చింది. అతను ఏడోసారి పరీక్షకు వెళ్ళాడు. ఆవిడ స్థానంలో వచ్చిన కొత్త అధికారి ఆ ఎనిమిది అయ్యేంతసేపూ ఫోనులో ఏదో చూసుకుని ముసిముసిగా నవ్వుకుంటూ తలెత్తకుండా పాస్ అని రాసిచ్చాడు. కాలు పడిందో లేదో చూసిన మనిషి ఒక్కతే, గేటు బయట నిలబడిన ఫెయిల్ మేడమ్. పడలేదు. కొత్త అధికారి నిర్లక్ష్యం మీద ఆవిడ అదే రోజు రెండు పేజీల ఫిర్యాదు రాసింది. దాన్ని పోస్టు చేసింది మాత్రం మెకానిక్కుకు లైసెన్సు కార్డు చేతికి అందిన మర్నాడు.

ఇదంతా జరిగి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆవిడ వారానికి గంటసేపు బండి నడుపుతుంది, నాలుగు గంటలు దానికి ఊడిగం చేస్తుంది. స్పాంజి ఫిల్టరు ఉతికి, పిండకుండా నొక్కి, ఆరాక నూనె పట్టిస్తుంది. చక్రం చువ్వల్ని పానాతో టింగుమనిపించి ఏది వదులైందో చెవితో పట్టేస్తుంది. ముందు చక్రం షాక్ అబ్జార్బర్లు నూనె కారినప్పుడల్లా, "దీనికీ కీళ్ళ నొప్పులే" అంటుంది. తన కీళ్ళకు పూతమందు మొగుడి షాపునుంచే వస్తుంది. ఆదివారం అతను కూడా మడత కుర్చీ, కట్టు కట్టే సామాను సంచీ, పేపరూ పట్టుకుని గుంతకు వస్తాడు. బండి మాత్రం ముట్టుకోడు. యాక్సిడెంటు మందులు అమ్ముకునేవాణ్ణి, నాకెందుకమ్మా అంటాడు.

పోయిన నెల గుంత అవతలి అంచున ఇంజను పట్టేసింది. పిస్టన్ సిలిండర్లో బిగుసుకుపోయి కిక్కు కదల్లేదు. ఆ రోజు మెకానిక్కు రాలేదు, కుర్రాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. గేరు న్యూట్రల్లో పెట్టి మొగుడూ పెళ్ళామూ చెరోవైపు పట్టుకుని తోశారు. ఎత్తు ఎక్కేసరికి ఇద్దరికీ రొప్పు. అక్కడినుంచి రోడ్డు దాకా దిగుడు. అతను చెమట తుడుచుకుని, ఇటూ అటూ చూసి, అడగలేక అడిగాడు:

"ఇంజను లేదుగా. ఒకసారి కూర్చోనా?"

ఆవిడ బ్రేకు చూపించింది. అతను సీటు మీదికి పాకినట్టు ఎక్కాడు. ఆవిడ వెనకనుంచి ఒక్క తోపు తోసింది. బండి చప్పుడు లేకుండా దిగుడు వెంట పోయింది. చప్పుడంతా అతనే చేశాడు. కేకలు పెడుతూ, గతుకుల మీద ఎగిరెగిరి పడుతూ, కిందనున్న ఇసుకలో కూరుకుపోయి ఆగాడు. కళ్ళద్దాలు ఒక చెవికి వేళ్ళాడుతున్నాయి.

ఆవిడ మడత కుర్చీ, మందుల సంచీ మోసుకుంటూ తీరిగ్గా దిగి వచ్చింది. అతను ఇంకా హ్యాండిల్ వదల్లేదు.

"కొత్త పిస్టన్ ఎన్నాళ్ళకొస్తుంది?" అన్నాడు.